మామగారి గిటారు, గుమ్మం పాలిష్

(విజయనగరం. సిరిమాను సంబరానికి ఇంకో వారం. మేడ మీద ఎండలో ఒక పక్క మినప వడియాలు, ఇంకో పక్క తువ్వాలు మీద వెల్లకిలా పడుకున్న గిటారు. పక్కనే గొడుగేసుకుని పైడిరాజు. గొడుగు అతనికే, గిటారుకి కాదు. సత్యవతి మెట్లెక్కి వచ్చింది.)

సత్యవతి: ఏటండీ ఇది? డికాషన్ గిన్నె కోసం వంటిల్లంతా వెతుకుతున్నాను. మేడెక్కించేశారా?

పైడిరాజు: అరవకు. గిటారుకి పూస్తున్నాను.

సత్యవతి: దానికి పాలక్కర్లేదా?

పైడిరాజు: వెటకారం తరవాత. పైచెక్క చూడు, వెలవెలబోతోంది. స్ప్రూస్ చెక్క కొత్తలో ఇలాగే పాలిపోయి ఉంటుంది. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి చెక్క ముదురుతుంది, పైనున్న లాకర్ పాలిషూ పసుపెక్కుతుంది. అప్పుడొస్తుంది ఆ తేనెరంగు. యాభై అరవై ఏళ్ళ పని. మామగారు గుర్తుపట్టకుండా నాకు సోమవారం లోపల అయిపోవాలి.

సత్యవతి: మా నాన్న సిరిమాను ముందు రోజు తొలేళ్ళకి దిగుతారని తెలిసి, ఇప్పుడా మీ కంగారు!

(వంగి చూసింది. డికాషన్ చెక్కలోకి ఇంకలేదు. బొట్లు బొట్లుగా పైనే నిలబడింది. గుడ్డతో తుడిస్తే మచ్చయినా మిగల్లేదు.)

సత్యవతి: పచ్చి చెక్కయితే టీ పట్టేది. మీరు పూసింది పాలిష్ మీద. రంగు రాదు గాని చీమలొస్తాయి. అందులో పంచదార వేసేశాను.

పైడిరాజు: ముందే చెప్పొచ్చుగా!

సత్యవతి: గిన్నె అడిగి పట్టుకెళ్తే చెప్పేదాన్ని. అసలు నాన్న ఏమన్నారు? తీగలు మార్పించమన్నారు. మీరు పాత పాలిష్ గీకించి తోలు వలిపించారు.

పైడిరాజు: పైనంతా సన్న పగుళ్ళు కనబడితే పాడైపోయిందనుకున్నాను. తలుపులకి పాలిష్ వేస్తున్న మేస్త్రి ఇంట్లోనే ఉన్నాడు, అర లీటరు మిగిలింది. పనిలో పని.

సత్యవతి: అందుకే అది గిటారులా లేదు. గుమ్మంలో నిలబెడితే కాలింగ్ బెల్ కోసం వెతుకుతారు.

పైడిరాజు: ఆ పగుళ్ళకే విలువని నాకేం తెలుసు? చలికీ వేడికీ చెక్క ఒకలా కదులుతుంది, లాకర్ ఇంకోలా కదులుతుంది. పాతబడి పెళుసెక్కిన లాకర్ ఆ లాగుడుకి తట్టుకోలేక సన్నగా చిట్లుతుంది. దాన్ని చెకింగ్ అంటారు. పాత గిటార్లు కొనేవాళ్ళు ముందు అదే చూస్తారు. అది గీకేస్తే ధర పడిపోతుంది.

సత్యవతి: ముడతలకింత గిరాకీ ఉంటే మిమ్మల్ని ఎప్పుడో బేరం పెట్టేదాన్ని.

(పైడిరాజు వినలేదు. సంచిలోంచి ఒక స్ప్రే డబ్బా, సత్యవతి హెయిర్ డ్రయ్యర్ తీశాడు.)

సత్యవతి: అది నాది!

పైడిరాజు: కాసేపే. ఇది కంప్యూటర్ దుమ్ము ఊదే స్ప్రే. తలకిందులు చేసి కొడితే గాలి బదులు ద్రవం వస్తుంది, తగిలినచోట మంచు కడుతుంది. ముందు వేడి, ఆ వెంటనే చలి. లాకర్ టిక్కుటిక్కుమని చిట్లాలి.

సత్యవతి: ఎక్కువ వేడి పెట్టకండి, జిగురు వదిలేస్తుంది. ఇదేమైనా మా బొబ్బిలి వీణా, ఒక్క పనస దుంగలో తొలిచింది? దీనికన్నీ అతుకులే. తీగలు కట్టే బ్రిడ్జి ఊడి చేతికొస్తే అది కూడా పాతదనమేనంటారా?

(డ్రయ్యర్ బుర్రుమంది. స్ప్రే బుస్సుమంది. చెక్క మీద తెల్లగా మంచు పొర కట్టింది. ఇద్దరూ చెవులు ఆనించారు. మంచు కరిగింది, నీరు జారింది. కింద పాలిష్ తళతళ. అందులో పైడిరాజు మొహం మీసంతో సహా కనిపించింది.)

పైడిరాజు: టిక్కుమంది కదా?

సత్యవతి: అది నా మోకాలు.

(ఆవిడ కిందికి వెళ్ళి, మెట్ల కింద పడున్న ఖాళీ డబ్బా పట్టుకొచ్చింది.)

సత్యవతి: దీని మీద ఏముందో చదవండి.

పైడిరాజు: పాలీ... యురెథేన్.

సత్యవతి: పీయూ. హార్డెనర్ కలిపి వేస్తారు, గట్టిపడ్డాక ప్లాస్టిక్కే. ఎండకీ వానకీ చెక్కుచెదరకూడదని, మామూలు ఎన్‌సీ లాకర్ వద్దని ఆ మేస్త్రితో దెబ్బలాడి మరీ వేయించింది మీరే. ఇది చిట్లదు. మనం పోయినా ఇది పోదు.

పైడిరాజు: ఎన్‌సీ అంటే నైట్రో సెల్యులోజేనా?! గిటార్లకి కావలసిందీ అదే! 1920ల నుంచి అమెరికా గిటార్లకి వేసింది అదే. దూదిని నైట్రిక్ యాసిడ్‌తో మార్చి చేస్తారు. పొగరాని తుపాకి మందు కూడా దాంతోనే...

సత్యవతి: తెలిసిందంతా పని చెడ్డాకే గుర్తొస్తుంది మీకు. ముందు దీని మెరుపు చంపండి. పాత వస్తువా కొత్తదా అని పట్టించేది రంగుకంటే ముందు మెరుపు. హార్డ్‌వేర్ షాపులో స్టీల్ ఊల్ అడగండి, నాలుగు సున్నాలది. నా అంట్లు తోమే పీచు ముట్టుకున్నారో, చూడండి! చెక్క నారు వెంబడే రుద్దండి, గుండ్రంగా తిప్పకండి. తరవాత లక్క తెండి. మైనం తీసిన చపడా లక్క స్పిరిట్‌లో కరిగించి పల్చగా పూస్తే, ఆ లక్క రంగే కాస్త తేనెలా పడుతుంది. నైట్రో పుట్టకముందు గిటార్లకి పూసిందీ లక్కే.

పైడిరాజు: పీయూ మీద పడుతుందా?

సత్యవతి: గరుకు చేస్తే పడుతుంది. ముందు గిటారు మూల ఒకచోట పూసి చూడండి. ఒకేసారి అంతా పూసేయడం మీకలవాటు.

పైడిరాజు: సరే. కానీ ఒక పని మాత్రం అదిరిపోయేలా చేశాను. ఇలా చూడు.

(గిటారు తిప్పి చూపించాడు. శబ్దరంధ్రం పక్కన, గీతలు పడకుండా అతికించిన నల్ల రేకు, అదే పిక్‌గార్డ్, అంచున అరచేతి వెడల్పున పాలిష్ ఎగిరిపోయి పచ్చి చెక్క కనబడుతోంది. గరుకు కాగితంతో గీకి, బూట్ పాలిష్‌తో మాపు పట్టించాడు. నిజం చెప్పాలంటే, పని బాగుంది.)

పైడిరాజు: ఏళ్ళ తరబడి వేళ్ళు రాసుకుంటే వచ్చే అరుగుదల. అచ్చం మామగారిదే!

సత్యవతి: మా నాన్న ఏ చేత్తో వాయిస్తారండీ?

పైడిరాజు: కుడి. అన్నం తినేది కుడిచేత్తోనేగా.

సత్యవతి: అన్నం సంగతి కాదు.

(పైడిరాజు మామగారిని గుర్తుచేసుకుని, గాల్లో గిటారు పట్టుకుని చూశాడు. అటు, ఇటు. మొహం మాడింది.)

సత్యవతి: ఎడమచేతి వాటం. ఈ గిటారునే తిరగేసి పట్టుకుంటారు. ఆయన వేళ్ళు రాసేది అటుపక్క, పిక్‌గార్డ్ లేనివైపు. అక్కడ చెక్క గుంటపడి ఉండేది, మీ మేస్త్రి లప్పం పెట్టి పూడ్చేశాడు. మీరు ఇటు గీకారు.

పైడిరాజు: అయితే అటు కూడా గీకేస్తాను.

సత్యవతి: రెండు చేతులతో వాయించానా అని ఆయన్నే అనుమానపడమంటారా?

పైడిరాజు: పోనీ నువ్వు నేర్చుకున్నావని చెబుదాం. ఊళ్ళో సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది కదా!

సత్యవతి: వీణ, వయొలిన్ నేర్చుకునే చోటికి గిటారు పట్టుకెళ్ళి చెక్క గోకడం నేర్చుకొచ్చానా?

(ఫోన్ మోగింది. తెర మీద ‘నాన్న’.)

పైడిరాజు: ఎత్తకు.

సత్యవతి: ఎత్తకపోతే సోమవారం కాదు, రేపే రైలెక్కేస్తారు. (ఎత్తి) ఆఁ నాన్నా! బాగున్నాం... గిటారా? భేషుగ్గా ఉంది. తీగలు మార్పించాం, పైన కాస్త పాలిష్ కూడా పడింది... ఏం లేదు, ఒక్క మాట. మీ అల్లుడు వాయించడం నేర్చుకుంటున్నారు... ఆఁ, కుడిచేత్తోనే. రాత్రీ పగలూ ఒకటే సాధన, చెక్క అరిగిపోయిందంటే నమ్ము!

పైడిరాజు: ఏయ్! ఏయ్!

సత్యవతి: తప్పకుండా నాన్నా. సోమవారం రాత్రి వాయించి వినిపిస్తారట. పిన్నీ వాళ్ళని కూడా తీసుకురా.