దూదిలో చుట్టి పెంచారట!

మా వారి మేనత్త ఇప్పుడే వచ్చి వెళ్లింది. ఒళ్లు మండిపోతోంది, ఇక్కడైనా చెప్పుకోవాలి.

నెలలు నిండకుండానే పుట్టిన మా పాప, 68 రోజులు ఆస్పత్రిలో ఉండి, ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆవిడ చెప్పులు విప్పి నేరుగా ఊయల దగ్గరికి వెళ్లింది. "అత్తయ్యా, కాస్త చేతులు కడుక్కోండి" అన్నానో లేదో, "నా చేతులకేమైందే?" అంటూ ఎత్తేసుకుంది. బుగ్గ మీద ముద్దు కూడా పెట్టేసింది. ఆటో దిగొచ్చిన చేతులవి! పైగా "మా రోజుల్లో ఇలాంటి పిల్లల్ని దూదిలో చుట్టి ఇంట్లోనే పెంచాం. మీరు ఆస్పత్రికి దోచిపెట్టారు" అంది.

దూదిలో బతికినవాళ్ల కథలే ఇవాళ చెప్పుకుంటారు. పేరైనా పెట్టకముందే పోయినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు? అసలు ఈ ఊళ్లో నీలోఫర్ ఆస్పత్రి 1953 నుంచి ఉంది. తన దాసి కాన్పులో చనిపోయిందని నిజాం కోడలు పట్టుబట్టి కట్టించిన ఆస్పత్రి అది. ఆ రోజుల్లోనే ఆ కోడలికి తెలిసింది, దూది చాలదని.

29 వారాలకే పుట్టింది నా తల్లి. 1,080 గ్రాములు. ముక్కుకి సీప్యాప్ గొట్టం, ఊపిరితిత్తులు మూసుకుపోకుండా గాలి పంపేది. నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది. మానిటర్ మోగగానే నర్సమ్మ అరికాలి మీద వేలితో తట్టేది, అప్పుడు మళ్లీ ఛాతీ కదిలేది. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేయడం ఇంకా రాదు కదా, అందుకని నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం. మొదటిసారి ఒక్క మిల్లీలీటరు పాలు. సిరంజి పైకెత్తి పట్టుకుంటే వాటంతట అవే దిగాలి, తోయకూడదు. ఆ చుక్కల కోసం రాత్రి రెండింటికి లేచి పాలు పిండేదాన్ని. తెల్లారగానే మా ఆయన ఐస్ బాక్స్ పట్టుకుని ఉప్పల్‌లో మెట్రో ఎక్కేవారు. నా కుట్లు మానేదాకా చొక్కా గుండీలు విప్పి, పాపని గుండెకి ఆనించుకుని గంటలకొద్దీ కంగారూ కేర్ ఇచ్చింది కూడా ఆయనే.

ఆ 68 రోజుల్లో అత్తయ్య ఒక్కసారే ఫోన్ చేసింది. "ఆడపిల్లేగా, అంత ఖర్చు దేనికి?" అంది. అది నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆవిడంటే పాతకాలం మనిషి. మరి చదువుకున్న మా ఆఫీసు వాళ్లకేమైంది? 2017 నుంచి చట్టం 26 వారాల సెలవు ఇస్తోంది, సంతోషం. అందులో దాదాపు పది వారాలు పాప అద్దాల పెట్టెలో ఉండగానే అయిపోయాయి. నేను మళ్లీ డ్యూటీలో చేరేసరికి కాగితం మీద దానికి ఆరు నెలలు నిండుతాయి. నెలలు నిండి పుట్టుంటే అప్పటికి మూడున్నర నెలలే. డాక్టర్లు ఇచ్చిన డెలివరీ తేదీ ఇవాళ్టికి కూడా ఇంకా రానే లేదండీ! ఆస్పత్రి రోజులు సెలవులో కలపొద్దని మెయిల్ పెడితే, "రూల్స్‌లో లేదు" అని ఒక్క లైను జవాబు. కనీసం పాప ఎలా ఉందని కూడా అడగలేదు.

నేను ఆ మెయిల్ మళ్లీ పెడతాను. ఈసారి డిశ్చార్జ్ కాగితం కూడా జత చేస్తాను, అందులో బరువు 1,980 గ్రాములని రాసి ఉంది.