బండి నిండాక కూడా కదలరా?

పబ్లిక్ చార్జింగ్ పాయింట్‌లో ఎలక్ట్రిక్ కారు పెట్టి, చార్జింగ్ గన్ తగిలించి, సినిమాకో షాపింగ్‌కో వెళ్లిపోయే పెద్దమనుషులు ఎక్కువైపోయారు. బ్యాటరీ ఎప్పుడో నిండింది. ఆ సంగతి ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చి ఉంటుంది. అయినా రారు. వెనక 10 శాతం బ్యాటరీతో వచ్చినవాళ్లు ఇంకో స్టేషన్ దాకా వెళ్లగలమో లేమో అన్న టెన్షన్‌తో స్టీరింగ్ పట్టుకుని కూర్చోవాలి. ఇది చిన్న విషయమని సరిపెట్టుకోవడానికి మేం సిద్ధంగా లేం.

అదే చోట పెట్రోల్ కారు కనిపిస్తే ఈ ఎలక్ట్రిక్ కార్ల యజమానులు ఏం చేస్తారో అందరికీ తెలుసు. నంబరు ప్లేటుతో సహా ఫొటో తీస్తారు, నలుగురికీ పంపుతారు, ఫైన్ వేయాలంటారు. వేయాల్సిందే. కానీ చార్జింగ్ పూర్తయ్యాక కూడా అక్కడే నిలబడ్డ ఎలక్ట్రిక్ కారుకూ, ఆ పెట్రోల్ కారుకూ తేడా ఏమిటి? రెండూ కరెంటు తీసుకోవడం లేదు. రెండూ అవసరమున్నవాళ్లకు అడ్డమే. గురివింద తన నలుపెరగదు.

నిండేదాకా ఉండటం కూడా అన్నిచోట్లా సబబు కాదు. ఫాస్ట్ చార్జర్ మీద 80 శాతం దాటాక చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది. లిథియం అయాన్ సెల్స్ దెబ్బతినకుండా కారే కరెంటును తగ్గించుకుంటుంది. చాలా కార్లలో 10 నుంచి 80కి ఎక్కడానికి ఎంతసేపో, చివరి 20 శాతానికీ దాదాపు అంతసేపు పడుతుంది. వెనక క్యూ ఉన్నా ఆ 20 శాతం కోసం పట్టుబట్టడం స్వార్థం. 50 కిలోవాట్లకు మించి తీసుకోలేని కారును, పక్కన 50 కిలోవాట్ల చార్జర్ ఖాళీగా ఉన్నా తెచ్చి, ఇంకా వేగంగా చార్జ్ చేసే 150 కిలోవాట్లదానికే తగిలించడమూ అంతే.

ముందు దూరప్రయాణం ఉన్నవాళ్లకు, దారిలో వేరే స్టేషన్ లేనివాళ్లకు ఫుల్ చార్జ్ అవసరమే, కాదనం. రాత్రంతా పెట్టుకునే స్లో చార్జర్ల సంగతి కూడా వేరు. మేం మాట్లాడుతున్నది వాళ్ల గురించి కాదు.

ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లా తన చార్జింగ్ స్టేషన్లలో 2016 డిసెంబర్‌లోనే ఐడిల్ ఫీజు తెచ్చింది. స్టేషన్ సగం నిండి ఉన్నప్పుడు చార్జింగ్ అయిపోయిన బండిని తీయకపోతే నిమిషానికి ఇంత అని వసూలు. స్టేషన్ మొత్తం నిండితే రెట్టింపు. అయిదు నిమిషాల్లో కదిలితే మాఫీ. 2024లో అమెరికాలో చార్జింగ్ స్టేషన్లు నడిపే ఎలక్ట్రిఫై అమెరికా సంస్థ కొన్ని స్టేషన్లలో 85 శాతం దగ్గరే చార్జింగ్ ఆపేసే పద్ధతి ప్రయత్నించింది. గమనించండి, ఇవేవీ పెట్రోల్ కార్ల కోసం పెట్టినవి కావు. సొంత కస్టమర్లను లేపడానికి పెట్టుకున్నవి! పరువు తక్కువ సంగతే, కానీ తప్పలేదు. ఇప్పటికీ ఇలాంటి ఫీజు పెట్టని సంస్థలు వెంటనే పెట్టాలి.

ఓపిక నశించి పక్కవాళ్ల గన్ లాగేసేవాళ్లను కూడా మేం వెనకేసుకురాం. చాలా కార్లలో చార్జింగ్ నడుస్తున్నంతసేపూ అది లాక్ అయి ఉంటుంది. బలవంతం చేస్తే పాడయ్యేది పదిమందికీ పనికొచ్చే వస్తువు. పని అయ్యాక కేబుల్‌ను హుక్‌కు తగిలించకుండా నేలమీద పడేసి, దాని మీంచి ఇంకో కారు వెళ్లేలా చేసేవాళ్లదీ అదే బాపతు.

పొగ లేని బండి కొన్నామని సమాజానికి మేలు చేస్తున్నట్టు చెప్పుకుంటారు, పన్ను రాయితీలు అడుగుతారు, తమకు వేరే స్థలం కావాలంటారు. ఇచ్చిన స్థలాన్ని మాత్రం ఉచిత పార్కింగ్ చేసుకుంటారు. చార్జర్లు చాలడం లేదని రేపు మళ్లీ ప్రభుత్వాల మీద విరుచుకుపడేముందు, ఉన్న చార్జర్లలో ఎన్నింటి ముందు మీ నిండిన బండ్లే నిలబడి ఉన్నాయో వెళ్లి చూసుకోండి.