బీటెక్ చదువుతూనే పైలట్ కావచ్చా?

భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: బీటెక్ చదువుతూనే పైలట్ కావచ్చా అని. ఆ ‘చదువుతూనే’ అన్నచోటే నా అభ్యంతరం.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డిగ్రీ అక్కర్లేదు. ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం, 18 ఏళ్ల వయసు, క్లాస్-1 వైద్య ధ్రువీకరణ, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు, 200 గంటల ఫ్లయింగ్: ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చినవి ఇవే. మరి ఇంజినీరింగ్ ఏ మేరకు అక్కరకొస్తుంది?

100 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో పోతున్న విమానానికి ఎడమవైపు నుంచి అడ్డంగా 20 నాట్ల గాలి కొడుతోందనుకుందాం. దారి తప్పకుండా ఉండాలంటే ముక్కును ఎడమకు ఎంత తిప్పి ఉంచాలి? బీటెక్ కుర్రాడు వెక్టర్లు గీసి, లెక్కగట్టి, 11.5 డిగ్రీలని తేలుస్తాడు. పైలట్ మాత్రం గాలి వేగాన్ని 60తో హెచ్చవేసి, విమాన వేగంతో భాగించి, రేడియోలో కంట్రోలర్ చెప్పేది వింటూనే, 12 అనుకుని తిప్పేస్తాడు. ఆ అడ్డదారి ఎందుకు పనిచేస్తుందో మొదటివాడికి తెలుసు. రెండోవాడికి అది చేతిలో ఉంది. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలి 228 మందిని బలిగొన్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో మంచు పట్టి వేగం తప్పుగా చూపినవి, మన కాలేజీల ఫ్లూయిడ్ మెకానిక్స్ పాఠంలో ఉండే, గాలి ఒత్తిడిని బట్టి వేగం కొలిచే పిటాట్ గొట్టాలే. ఆటోపైలట్ తప్పుకున్నాక ముక్కును పైకెత్తి పట్టడంతో విమానం స్టాల్ అయింది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోయాయి. అక్కడ లోపించింది పాఠం కాదు, ఆ క్షణంలో చేతికి రావలసిన అలవాటు.

ఆ అలవాటు విడవకుండా ఎగిరితేనే పడుతుంది. హాజరు, ల్యాబులు, సెమిస్టర్ పరీక్షల మధ్య సెలవుల్లో కొన్ని గంటలు ఎగిరి వచ్చే విద్యార్థి, మళ్లీ వెళ్లిన ప్రతిసారీ నేర్చిన ల్యాండింగులనే తిరిగి నేర్చుకోవాలి. గంటగంటకూ డబ్బు కట్టే శిక్షణ కదా, ఆ మరుపుకూ బిల్లు వేస్తారు. మొత్తం ఖర్చు అర కోటికి అటూఇటూగా ఉంటుంది, ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు ప్రత్యేక అర్హత) ఖర్చు మళ్లీ వేరు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతుంది. ఉద్దానం కుటుంబానికైతే అది కొబ్బరి తోటే.

అలాగని డిగ్రీ వృథా అనను. వైద్య పరీక్ష ఏటా తప్పదు, చూపో గుండో మొరాయిస్తే లైసెన్సు ఉన్నా ఉద్యోగం ఉండదు. అప్పుడు ఆదుకునేది బీటెక్కే (పదేళ్లు పక్కన పెట్టిన బీటెక్‌కూ తుప్పు పడుతుందనుకోండి, అది వేరే సంగతి). ముందు బీటెక్ పూర్తిచేసి, ఆపైన శిక్షణకు వెళితే ఈ ఆదరువుకు చెల్లించేది నాలుగేళ్ల కాలం: ఎయిర్‌లైన్స్‌లో సీనియారిటీ చేరిన తేదీని బట్టే నడుస్తుంది. అప్పు తట్టుకోలేని ఇంటికి ఆ నాలుగేళ్లు ఇవ్వదగినవేనని నా అభిప్రాయం. అయితే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కంటే ముందే డీజీసీఏ గుర్తింపు ఉన్న వైద్యుడి దగ్గర తొలి మెట్టయిన క్లాస్-2 వైద్య పరీక్ష, ఆపైన క్లాస్-1 చేయించాలి. రంగులు గుర్తించడంలో లోపం లాంటిది పిల్లవాడికే తెలియకుండా ఉండవచ్చు. అది బయటపడవలసింది తోట కాగితాలు బ్యాంకు చేరకముందే.