‘నిజాం’ కూలాలన్నారు, మనిషే దిగిపోయాడు

2011 జనవరి చివర్లో కైరోలోని తహ్రీర్ మైదానంలో లక్షల గొంతులు ఒకే నినాదం అందుకున్నాయి: "అష్షాబ్ యురీద్ ఇస్కాత్ అన్నిజామ్". కొద్ది రోజుల ముందే ట్యునీషియా వీధుల్లో వినిపించిన నినాదం అది. అందులో ఒక పదానికి తెలుగువాళ్లకు నిఘంటువు అక్కర్లేదు. నిజాం. మనకు అది హైదరాబాద్‌ను ఏలిన వంశం బిరుదు. అరబ్బీలో దానర్థం ఏర్పాటు, వ్యవస్థ. "ఈ వ్యవస్థ కూలాలని జనం కోరుతున్నారు" అన్నది ఆ నినాదం భావం. ఈజిప్టు అధ్యక్షుడు హోస్నీ ముబారక్‌ను పొమ్మనడానికి వేరే మాట ఉంది, "ఇర్హల్", అంటే వెళ్లిపో. మైదానంలో రెండూ మారుమోగాయి. ‘అరబ్ వసంతం’ అని పేరుపడ్డ ఆ తిరుగుబాట్లను ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే మనుషులు వెళ్లిపోయారు, వ్యవస్థ చాలాచోట్ల కదల్లేదు. ఎందుకని?

దీనికి మన దగ్గర తేలిగ్గా దొరికే జవాబు ఒకటుంది: "అరబ్బులకు ప్రజాస్వామ్యం ఒంటబట్టదు." టీ కొట్ల దగ్గరే కాదు, బాగా చదువుకున్నవాళ్ల చర్చల్లో కూడా ఈ మాట వింటుంటాం. ఇది తప్పు, పైగా అన్యాయం. ఈజిప్టు అధికారిక నిజనిర్ధారణ సంఘం లెక్క ప్రకారమే ఆ 18 రోజుల తిరుగుబాటులో కనీసం 846 మంది చనిపోయారు. ప్రాణాలు పెట్టి ఓటు అడిగిన జనానికి ఆ ఓటు పనికిరాదని చెప్పడానికి మనమెవరం? వాళ్ల ఓటమికి కారణాన్ని మతంలోనో సంస్కృతిలోనో వెతికితే దొరకదు. తుపాకీ ఎవరి చేతిలో ఉంది, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, మైదానం ఖాళీ అయిన మర్నాడు ఊరూరా మనుషులున్న సంస్థ ఎవరికి ఉంది, ఇవి చూడాలి. నా మట్టుకు మూడోదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

ఈజిప్టునే తీసుకుందాం. 2011 ఫిబ్రవరి 11న ముబారక్ గద్దె దిగాడు. దాదాపు ముప్పై ఏళ్ల పాలన. ఆ రాత్రి టీవీలో తహ్రీర్ సంబరం చూసి కళ్లు చెమర్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ అధికారం వెళ్లింది సైనికాధికారుల మండలి చేతికి. దాని పెద్ద ఫీల్డ్ మార్షల్ తంతావీ, అప్పటికి ఇరవై ఏళ్లుగా ముబారక్‌కు రక్షణ మంత్రి. ఈజిప్టు సైన్యం పని సరిహద్దుల దగ్గర ఆగదు. పెట్రోల్ బంకులు నడుపుతుంది, మంచినీళ్ల సీసాలు అమ్ముతుంది, మాకరోనీ తయారు చేస్తుంది, సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టుకుంది, రోడ్ల కాంట్రాక్టులు తీసుకుంటుంది. ముబారక్ తన కొడుకు గమాల్‌ను వారసుడిగా తేవాలని చూడటం సైన్యంలో చాలామందికి ముందే నచ్చలేదు. ఆయన్ని వదులుకుంటే వాళ్లకు పోయేదేమీ లేదు. జనం కోపం చల్లారుతుంది, బంకులూ ఫ్యాక్టరీలూ చేతిలోనే ఉంటాయి.

మరి మైదానాన్ని నింపిన కుర్రాళ్ల సంగతేంటి? 2010లో అలెగ్జాండ్రియాలో ఖాలెద్ సయీద్ అనే యువకుణ్ని పోలీసులు కొట్టి చంపితే, అతని పేరున పెట్టిన ఫేస్‌బుక్ పేజీ చుట్టూ లక్షల మంది చేరారు. పోలీసుల దినోత్సవమైన జనవరి 25నే ఊరేగింపుకు రోజుగా ఎంచుకున్నది వాళ్లే. ధైర్యం ఉంది, తెలివి ఉంది. పల్లెలో తలుపు తట్టి ఓటు అడిగే కార్యకర్త మాత్రం లేడు. ఆ బలం దేశంలో ముస్లిం బ్రదర్‌హుడ్‌కు ఉంది. అది 1928లో పుట్టిన సంస్థ, దవాఖానాలు, బడులు, సహాయ సంఘాలు నడిపిన సంస్థ. పార్లమెంటు ఎన్నికల్లో దాదాపు సగం సీట్లు దానికే వచ్చాయి. తహ్రీర్ యువత కూటమికి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2012 అధ్యక్ష ఎన్నిక మొదటి రౌండు అంకెలు చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. బ్రదర్‌హుడ్ అభ్యర్థి మొహమ్మద్ మోర్సీకి దాదాపు 25 శాతం, ముబారక్ చివరి ప్రధాని అహ్మద్ షఫీక్‌కు 24 శాతం. మూడు, నాలుగు స్థానాల్లో ఉన్న హమ్దీన్ సబాహీ, అబుల్ ఫుతూహ్ ఇద్దరూ విప్లవం వైపు నిలబడ్డవాళ్లే. వాళ్లిద్దరి ఓట్లు కలిపితే 38 శాతం! ఒక్కరే నిలబడి ఉంటే, ఆ ఓట్లన్నీ కలిసి ఉంటే, ఈజిప్టు చరిత్ర మరోలా ఉండేదేమో. కలపడానికి ఒక వేదిక లేదు, ఒక పార్టీ లేదు. రెండో రౌండులో జనం ముందు మిగిలింది పాత వ్యవస్థ మనిషి, లేదంటే బ్రదర్‌హుడ్ మనిషి. మోర్సీ 51.7 శాతంతో గట్టెక్కాడు.

ఆ తర్వాత జరిగినదాంట్లో మోర్సీ తప్పు చిన్నది కాదు. 2012 నవంబర్‌లో తన ఉత్తర్వులను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని తనే ప్రకటించుకున్నాడు. ఓటు వేసినవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. కరెంటు కోతలు, పెట్రోల్ కోసం క్యూలు, రోజూ ఏదో ఒక టెన్షన్. 2013 జూన్ 30న మళ్లీ లక్షల జనం రోడ్డెక్కారు. జులై 3న సైన్యాధిపతి జనరల్ సీసీ టీవీలో కనిపించి మోర్సీని తొలగించినట్టు చెప్పాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్లలో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఎల్‌బరాదీ కూడా ఉన్నాడు. సీసీ ఎంచుకున్న దారిని నేను అర్థం చేసుకోగలను, అతను సైనికుడు. ఎల్‌బరాదీ లాంటి ప్రజాస్వామ్యవాదులు అక్కడ కూర్చోవడమే ఇప్పటికీ మింగుడుపడదు. ఎన్నికైనవాణ్ని ఓటుతో ఓడించే ఓపిక లేక తుపాకీ సాయం అడిగారు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 14న, మోర్సీ మద్దతుదారులు బైఠాయించిన రబా మైదానంలో భద్రతా దళాలు ఒక్కరోజులో కనీసం 817 మందిని చంపాయని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కకట్టింది. ఎల్‌బరాదీ అదే రోజు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఇక్కడ మన భాషకు దగ్గరైన మరో పదం గుర్తొస్తుంది. మనం ఊరేగింపుల్లో "ఇంక్విలాబ్ జిందాబాద్" అంటాం, విప్లవం వర్ధిల్లాలని. నేటి అరబ్బీలో "ఇన్‌కిలాబ్" అంటే సైనిక కుట్ర. విప్లవానికి వాళ్ల మాట "థౌరా". 2013 వేసవిలో కైరో ఇళ్లలో, కాఫీ కొట్లలో అన్నదమ్ములు కూడా ఈ రెండు మాటల మీద విడిపోయారు. జరిగింది థౌరానా, ఇన్‌కిలాబా? తర్వాతి ఏళ్లు దానికి జవాబిచ్చాయి. 2014లో సీసీ దాదాపు 97 శాతం ఓట్లతో ‘ఎన్నికయ్యాడు’. 2019లో రాజ్యాంగం మార్చి 2030 దాకా ఉండే వీలు చేసుకున్నాడు. అదే ఏడాది మోర్సీ కోర్టు బోనులోనే కుప్పకూలి చనిపోయాడు. ముబారక్ 2020లో కన్నుమూస్తే సైనిక లాంఛనాలతో సాగనంపారు.

సీసీని నిలబెట్టిన డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. మోర్సీ పడిపోయిన కొద్ది రోజులకే సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. గల్ఫ్ రాజులకు తహ్రీర్ అంటే భయం. తమ గడప దాకా వచ్చిన మంటను అప్పటికే ఒకసారి ఆర్పి ఉన్నారు: 2011 మార్చిలో బహ్రెయిన్‌లో పెర్ల్ కూడలి దగ్గర జనం గుడారాలు వేస్తే, సౌదీ సైన్యం వంతెన దాటి వచ్చింది. నాలుగు రోజుల్లో ఆ కూడలిలోని స్మారకాన్నే కూల్చేశారు. సొంత ప్రజలకు మాత్రం సౌదీ రాజు 13,000 కోట్ల డాలర్ల వరాలు కురిపించాడు. పనిలేని సౌదీ కుర్రాళ్లకు ఉద్యోగాలు చూపాలన్న ఆత్రం కూడా ఆ ఏడాదిదే. కంపెనీలు సౌదీలకు కొన్ని ఉద్యోగాలు తప్పక ఇవ్వాలంటూ 2011లో మొదలైన ‘నితాఖత్’ నిబంధనల వెనుక ఆ ఆత్రం ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. 2013లో పెట్టె సర్దుకుని తిరిగొచ్చిన వేలమందిలో ఎంతమందికి తమ కష్టం ఒక చివర తహ్రీర్‌తో ముడిపడి ఉందని తెలుసో!

ట్యునీషియాది వేరే దారి. అక్కడ 1946లో పుట్టిన యూజీటీటీ అనే కార్మిక సమాఖ్య ఉంది. సైన్యం చిన్నది, తొలి అధ్యక్షుడు బుర్గీబా కావాలనే చిన్నదిగా ఉంచాడు. 2010 డిసెంబర్ 17న సిదీ బూజిద్‌లో తోపుడుబండి మీద పండ్లు, కూరగాయలు అమ్మే మొహమ్మద్ బూఅజీజీ తన సరుకు లాక్కున్నారని ఒంటికి నిప్పంటించుకున్నప్పుడు, ఆ నిప్పును ఊరి నుంచి ఊరికి చేర్చినవాళ్లలో ఈ సంఘం స్థానిక శాఖలున్నాయి. బడి పంతుళ్లు, గుమాస్తాలు, ఫాస్ఫేట్ గని కార్మికులు. 2008లోనే గఫ్సా గనుల ప్రాంతంలో నెలల తరబడి పోరాడిన అనుభవం వాళ్లది. 2011 జనవరి 14న నియంత బెన్ అలీ సౌదీకి పారిపోయాడు. 2013లో ఇద్దరు ప్రతిపక్ష నాయకుల హత్యలతో దేశం అంతర్యుద్ధం అంచుకు వస్తే, యూజీటీటీ మరో మూడు సంఘాలతో కలిసి అందర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది. 2014లో రాజ్యాంగం వచ్చింది. ఆ నాలుగు సంఘాలకు 2015 నోబెల్ శాంతి బహుమతి దక్కింది. అధికారంలో ఉన్న ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా, ఎన్నికైన తన ప్రభుత్వాన్ని తనంతట తానే వదిలి పక్కకు జరిగింది. మోర్సీ చేయలేనిది ఆ పార్టీ నాయకుడు ఘన్నూషీ చేశాడు.

అయినా అదీ నిలవలేదు. తిరుగుబాటు మొదలైన చోటికే జీతం చేరలేదు. సిదీ బూజిద్, కస్సరీన్, గఫ్సా లాంటి లోపలి జిల్లాల్లో డిగ్రీ ఉన్న కుర్రాళ్లు కాఫీ కొట్ల ముందే కూర్చుని ఉన్నారు. ఫాస్ఫేట్ ఉత్పత్తి 2010లో 80 లక్షల టన్నులుంటే, మరుసటి ఏడాది మూడో వంతుకు పడిపోయింది. ఉద్యోగాలు కావాలని పట్టాల మీద కూర్చున్నవాళ్లకు చూపడానికి ప్రభుత్వాల దగ్గర ఐఎంఎఫ్ షరతులు తప్ప ఏమీ లేవు. దాదాపు ఏడాదికో ప్రభుత్వం మారింది. పార్టీలు ఒకళ్లనొకళ్లు నమ్మక, రాజ్యాంగ న్యాయస్థానానికి జడ్జీలను కూడా ఎన్నుకోలేకపోయాయి. ఈ చివరి విషయం దగ్గర ఆగాలి. 2021 జులై 25న అధ్యక్షుడు కైస్ సయ్యద్ పార్లమెంటును మూసేసి, ప్రధానిని తీసేసినప్పుడు, అది చెల్లదని చెప్పే కోర్టే దేశంలో లేదు. ఆయన మామూలు మనిషి కాదు, రాజ్యాంగ చట్టం బోధించిన ప్రొఫెసర్. జనం కార్ల హారన్లు మోగిస్తూ వీధుల్లోకి వచ్చి సంబరం చేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం నావల్ల కాదు. పదేళ్లు వాళ్లకు మాటలు దక్కాయి, రొట్టె దక్కలేదు. 2022 చివర్లో కొత్త పార్లమెంటుకు ఎన్నిక పెడితే ఓటేసింది దాదాపు 11 శాతమే. ఘన్నూషీ 2023 నుంచి జైల్లో ఉన్నాడు.

లిబియా, యెమెన్ గురించి ఎక్కువ చెప్పలేను. ఒకచోట నాటో బాంబులు నియంతను దించి రాజ్యాన్ని కూడా ఛిద్రం చేశాయి, మరోచోట పొరుగు దేశాల యుద్ధం ఆకలిని మిగిల్చింది. సిరియాలో మాత్రం నిజంగానే నిజాం కూలింది. 2011లో దరా పట్టణంలో బడి పిల్లలు గోడ మీద "డాక్టర్, ఇక నీ వంతు" అని రాస్తే వాళ్లను పట్టుకెళ్లి హింసించిన పాలన, 2024 డిసెంబర్ 8న కంటి డాక్టర్ బషర్ అసద్ మాస్కోకు పారిపోవడంతో అంతమైంది. మధ్యలో పదమూడేళ్లు. ఐక్యరాజ్యసమితి అంచనాలో మొదటి పదేళ్లకే 3 లక్షలకు పైగా పౌరుల చావులు. అసద్ వ్యతిరేకులను బంధించిన సైద్నాయా జైలు తలుపులు తెరిచిన రోజు ఖైదీల తల్లుల ముఖాలు చూసినవాళ్లెవరూ అసద్ పోయినందుకు బాధపడరు. కానీ దరాలో మొదట ఊరేగింపులు తీసిన నిరాయుధ సంఘాలు ఎప్పుడో జైళ్లలో, సమాధుల్లో, శరణార్థి శిబిరాల్లో అంతమయ్యాయి. డమాస్కస్‌లోకి నడిచి వచ్చింది ఆయుధాలున్నవాళ్లు. 2025లో తీరంలో అలవైట్ల ఊచకోత, స్వేదాలో డ్రూజ్‌ల మీద దాడులు (రెండూ మైనారిటీ మత వర్గాలే) చూశాక, కొత్త అసెంబ్లీలో మూడో వంతు సభ్యులను ఆ ఆయుధాలున్నవాళ్ల నాయకుడు, కొత్త అధ్యక్షుడు అహ్మద్ అల్ షరా స్వయంగా నియమిస్తాడని విన్నాక, నా సంతోషం సగమైంది.

సూడాన్‌ను మనవాళ్లు దాదాపు మర్చిపోయారు. 2018 డిసెంబర్‌లో అత్బరాలో రొట్టె ధర మీద మొదలైన ఉద్యమం, "తస్‌కుత్ బస్" (పడిపోవాలి, అంతే) అంటూ నాలుగు నెలల్లో, ముప్పై ఏళ్లు ఏలిన నియంత బషీర్‌ను దించింది. వాళ్లు ఈజిప్టును చూసి నేర్చుకున్నారు. బషీర్ పోయాక ఇళ్లకు వెళ్లలేదు, సైనిక కార్యాలయం ముందే కూర్చున్నారు. పేటపేటలో ‘ప్రతిఘటన కమిటీలు’ కట్టుకున్నారు. 2019 జూన్ 3న వంద మందికి పైగా చంపినా ఆగలేదు. చివరికి సైన్యాధిపతి జనరల్ బుర్హాన్ 2021లో అధికారం లాక్కున్నాడు, 2023 ఏప్రిల్ 15న తన జోడీ, మరో సాయుధ దళం నాయకుడు హెమెద్తీతో యుద్ధానికి దిగాడు. రాజధాని ఖార్టూమ్ నేలమట్టమైంది. అధికారులు పారిపోయారు, ఆసుపత్రులు మూతపడ్డాయి.

ఆ పేట కమిటీల కుర్రాళ్లు మాత్రం చాలామంది ఉండిపోయారు. ‘అత్యవసర సహాయ గదులు’ అని పేరు పెట్టుకుని, విదేశాల్లో ఉన్న బంధువులు ఫోన్లో పంపిన డబ్బుతో పప్పు, జొన్నలు కొని వీధి వంటశాలలు నడుపుతున్నారు. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగిపోయినప్పుడు వందల వంటశాలలు మూతపడ్డాయి. రెండు సైన్యాలూ వాళ్లను అనుమానించి పట్టుకెళ్తున్నాయి. అయినా పొద్దున్నే పెద్ద డేగిశాలు పొయ్యి మీదికి ఎక్కుతున్నాయి, గిన్నెలు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడుతున్నారు.