మూత మీది పండు

ఖరీదైన లాప్‌టాప్ కొనడం డబ్బు దండగ అని నగరంలో కొందరు ప్రచారం చేస్తున్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌ను బేరమాడి కొని, దానికో ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్కు) వేయించుకుని "మస్తు నడుస్తుంది" అని తిరిగే రకం వీళ్ళు. నడుస్తుంది సరే. నడుస్తున్నప్పుడు నలుగురూ చూడొద్దా?

ఈ సంగతి యాపిల్ కంపెనీకి ఎప్పుడో అర్థమైంది. 1990ల చివర్లో వాళ్ళ లాప్‌టాప్ మూత మీది పండు, మూసి ముందు పెట్టుకున్నప్పుడు కొన్నవాడికి సరిగ్గా కనిపించేది. తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళకు తలకిందులయ్యేది. తర్వాత దాన్ని తిప్పేశారు. ఇప్పుడు తెరిచి కూర్చుంటే ఎదుటివాళ్ళకు నిటారుగా దర్శనమిస్తుంది. మూత వెనక కూర్చున్న యజమానికి అసలు కనబడదు. లక్ష రూపాయలు పోసినవాడు ఎక్సెల్ షీట్ చూసుకుంటాడు, పక్క టేబుల్ వాడు పైసా ఖర్చు లేకుండా పండు చూస్తాడు. సొమ్మొకడిది, సోకొకడిది. దీనికి విరాళాల కింద పన్ను మినహాయింపు ఇవ్వకపోవడం అన్యాయం.

ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే జూబ్లీహిల్స్‌లో ఏ కాఫీ షాపుకైనా వెళ్ళండి. అనుభవమున్నవాడు గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు, మూత గుమ్మం వైపుండాలి కదా. ఒక్క క్యాపుచినో చెప్పి, అది చల్లారి మీగడ కట్టేదాకా ముట్టడు. తెర మీద జీమెయిల్, యూట్యూబ్, మధ్యలో క్రికెట్ స్కోరు. లేచేముందు మూత మీది వేలిముద్రలు తుడుస్తాడు. ఆ తుడిచే గుడ్డ కూడా కంపెనీదే దొరుకుతుంది: 2021లో వచ్చింది, మన దగ్గర ధర 1,900 రూపాయలు. మా ఇంట్లో ఈ శాఖను పాత బనియన్ చూసుకుంటోంది.

అంతకుముందు, 2019లో, ఇదే కంపెనీ 4,999 డాలర్ల మానిటర్ తెచ్చింది. దాన్ని నిలబెట్టే స్టాండుకు విడిగా 999 డాలర్లు. స్టాండు విడిగా అమ్మగలిగినప్పుడు మూత విడిగా అమ్మడానికేం? పార్క్‌లేన్ సరుకుకు బిగించుకుంటాం, ఉభయతారకంగా ఉంటుంది.

నిజానికి ఈ యంత్రాలతో పని ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఐఫోన్ యాప్‌లు రాసే మాదాపూర్ కుర్రాడికి వేరే దారి లేదు, వాటిని తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ యాపిల్ వాళ్ళ మ్యాక్‌లో తప్ప నడవదు. 2020 నవంబరులో కంపెనీ సొంత ఎం1 చిప్ వచ్చాక మ్యాక్‌బుక్ ఎయిర్ లాప్‌టాప్‌లో ఫ్యానే లేకుండా పోయింది, ఛార్జర్ ఇంట్లో మరిచిపోయినా పొద్దు గడుస్తుంది. వాళ్ళను వదిలేద్దాం. ఈ వ్యాసం పని లేనివాళ్ళ కోసం.

పని లేనివాళ్ళు మెమరీ గురించి మాత్రం ముందే ఆలోచించుకోవాలి. అది చిప్‌తో కలిసే వస్తుంది, "తర్వాత వేయించుకుందాంలే" అంటే కుదరదు. 2024 అక్టోబరు దాకా ఎయిర్ 8 జీబీతో మొదలయ్యేది. ఒకరోజు ధర పెంచకుండా 16 చేశారు. నిన్నటిదాకా "ఎనిమిది చాలు సార్" అన్న నోళ్ళే మర్నాటి నుంచి "పదహారు లేనిదే ఎట్లా సార్" అన్నాయి. ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేదంటారు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కట్టుకోవాలి.

మొన్న అమీర్‌పేటలో ఒక షోరూమ్‌లో తండ్రీకొడుకులు నిలబడి ఉన్నారు. కొడుకు బీటెక్ మొదటి సంవత్సరం. నేర్చుకోబోయేది జావా ప్రోగ్రామింగ్, అది ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది.

"డాడీ, మా క్లాసుల అందరికీ ఇదే ఉంది."

"అందరికుంటే నీకెందుకురా మల్ల? పక్కోనిది తీస్కో."

ఇంత పదునైన ఆర్థిక విశ్లేషణ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. సేల్స్ కుర్రాడు కూడా నోరు మూసుకున్నాడు. కొడుకు కాసేపు నేల చూసి, మెల్లగా అన్నాడు: "మామ వాళ్ళ చింటూకి పోయిన నెలనే కొన్నరు."

తండ్రి కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దానికంటే పెద్దది ఏమున్నది తమ్మీ?"