గజ్జలు చూశావా?

వాంతులతో వచ్చిన ఒక ముసలమ్మకు నేను పగలంతా, రాత్రంతా సెలైన్ ఎక్కించాను. హౌస్ సర్జన్సీ ముగించి ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. అడవి అంచున చిన్న ఆరోగ్య కేంద్రం, ఊరి పేరు వద్దు. కడుపు ఉబ్బింది, గాలి పోతలేదని కోడలు చెబుతూనే ఉంది. నేను పొట్ట మీద చెయ్యి వేశాను, స్టెతస్కోప్ పెట్టాను, ఏదో పడనిది తిన్నదనుకున్నాను. చీర కొంచెం జరిపి తొడ మొదట్లో చూసి ఉంటే నిమ్మకాయంత గడ్డ కనపడేది. చూడలేదు. మొహమాటం. తెల్లారి వరంగల్ పంపేసరికి లోపల పేగు నల్లబడిపోయింది. మూరెడు పేగు తీసేశారు. ఆమె బతికింది. నెల తర్వాత వచ్చి నా బల్ల మీద నాలుగు మక్కకంకులు పెట్టి, దండం పెట్టి పోయింది. తప్పు నాదని ఆమెకు తెలియదు.

ఆ గడ్డ ఫీమోరల్ హెర్నియా, అంటే తొడ మొదట్లో ఇరుకు సందులోంచి పేగు బయటికి పొడుచుకు రావడం. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. దారి ఇరుకు కాబట్టి పేగు తొందరగా బిగుసుకుపోతుంది. ఇది నాకు తెలియక కాదు. ఆ ఇరుకు దారికి నాలుగు వైపులా ఏమేం ఉంటాయో ఫైనలియర్‌లో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పినవాణ్నే. మగ వార్డులో హెర్నియాలు దండిగా దొరికేవి, వాటితోనే పరీక్ష గట్టెక్కుతుందని ఆడ వార్డు వైపు పోలేదు. అది నా బద్ధకమే.

చదువుకునే రోజుల్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మా యూనిట్ సారుకు ఒక అలవాటు ఉండేది. కడుపు కేసు ఎవరు చెప్పినా, ఎంత బాగా చెప్పినా, ఆఖర్న “గజ్జలు చూసినవా?” అనేవారు. గజ్జలంటే పొట్ట, తొడ కలిసే చోటు. చూడలేదంటే తిట్టేవారు కాదు. మాట్లాడకుండా పక్క మంచం దగ్గరికి నడిచేవారు. అంతకంటే నాలుగు తిట్లు తినడం నయం.

విదేశాల్లో ఉన్న మన పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో, సంఘం సమావేశాల్లో, అక్కడ తెలంగాణలోని మెడికల్ కాలేజీలకు ఏం ఇద్దామన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తోంది. సిమ్యులేటర్ కొందాం, స్మార్ట్ బోర్డు పెట్టిద్దాం, జూమ్‌లో లెక్చర్లు చెబుదాం అంటారు. నేనూ చందాలిచ్చాను, తెల్లవారుజామున లేచి జూమ్‌లో లెక్చర్లూ చెప్పాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఎంబీబీఎస్ పిల్లలకు సర్జరీ వచ్చేది మంచం పక్కనే. అక్కడ వస్తువులకు పెద్ద కరువు లేదు. పక్కన నిలబడి “చూశావా?” అని అడిగే మనిషికి కరువొచ్చింది.

ఎంబీబీఎస్‌లో సర్జరీ అంటే ఆపరేషన్లు నేర్పడమని బయటివాళ్లు అనుకుంటారు. పిల్లలూ అలాగే అనుకుని మొదటి వారమే థియేటర్లోకి పరుగెడతారు. కోయడం ఆ తర్వాత పీజీ చదువు ఎమ్మెస్‌లో చేరాక నేర్వాల్సిన పని. ఏటూరునాగారంలోనో కాటారంలోనో రాత్రి పదింటికి కడుపునొప్పితో మనిషి వస్తే, తెల్లారేదాకా ఉంచవచ్చా, ఇప్పుడే పంపాలా అని తేల్చడం ఎంబీబీఎస్ డాక్టరు పని. వరంగల్ వంద కిలోమీటర్లు. ప్రతి కడుపునొప్పినీ అంబులెన్స్ ఎక్కిస్తే మూడోసారి ఊళ్లో ఎవరూ మాట వినరు. ఎక్కించకపోతే నా ముసలమ్మ కథే. లోపలికి వచ్చేటప్పుడు ముందుకు వంగి నడిచాడా, మంచం కదిలితే మొహం ముడిచాడా, చెయ్యి వేస్తే పొట్ట చెక్కలా బిగుసుకుందా అన్నది చూస్తే సగం తేలిపోతుంది. రబ్బరు బొమ్మ మొహం ముడవదు.

2019లో దేశమంతటా వచ్చిన కొత్త పాఠ్యక్రమం కూడా ఈ సంగతి ఒప్పుకుంది. సర్జరీలో విద్యార్థి తన చేత్తో చేసి, వచ్చని సంతకం పెట్టించుకోవాల్సినవి కుట్లు వేయడం, గాయం శుభ్రం చేయడం, కట్టు కట్టడం, పైపైన ఉన్న చీముగడ్డను కోసి చీము తీయడం, ప్రమాదంలో దెబ్బతిన్నవాణ్ని ముందుగా చూసుకోవడం. పెద్ద ఆపరేషన్ ఒక్కటీ లేదు. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డ గౌడన్నను మెడ, నడుము వంగకుండా నలుగురు కలిసి ఎలా దొర్లించాలో తెలిసినవాడు మా వైపు పల్లెలో సగం సర్జన్ కిందే లెక్క. జాబితాతో నాకు పేచీ లేదు, ఆ సంతకాలు పెట్టే లాగ్‌బుక్‌తోనే. ఒక కాలేజీలో పోస్టింగ్ ఆఖరి రోజున నలభై పుస్తకాలు దొంతరగా పెట్టి వరసగా సంతకాలు పెడుతుంటే కళ్లారా చూశాను. పెడుతున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను తప్పు పట్టలేను. పొద్దున ఓపీ, మధ్యాహ్నం థియేటర్, రాత్రి డ్యూటీ కూడా అతనివే.

చేతి పని నేర్వడానికి ఏనాడూ పెద్ద ఖర్చు లేదు. సుశ్రుతుడు శిష్యుల చేత ముందు సొరకాయలు, పుచ్చకాయలు, దోసకాయలు కోయించాడు. మేం హాస్టల్ మంచం కోడుకు దారం కట్టి ముడులు వేసేవాళ్లం. ఇప్పటి పిల్లలు అరటితొక్క మీద, చికెన్ లెగ్‌పీస్ మీద కుట్లు వేసి రీల్స్ పెడుతున్నారు. కొందరు మా కంటే చక్కగా వేస్తున్నారు. దీనికోసం లక్షలు పోసి బొమ్మ కొనిస్తే, పాడవుతుందన్న భయంతో దాన్ని గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆ తాళం కూడా చూసొచ్చాను.

మా కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. ఇప్పుడు ఏటా 250 మంది చేరుతున్నారు. ఇక ఉత్తర తెలంగాణలో 2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మరుసటి ఏడు భూపాలపల్లి, జనగామ, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్, 2024లో ములుగు, నర్సంపేట వచ్చాయి. ఇన్ని కాలేజీలెందుకు అనేవాళ్లలో నేను లేను. ఏటూరునాగారం రోగికి ములుగు సగం దూరమే. కాకపోతే కాలేజీకి బోర్డు కట్టినంత తొందరగా సర్జరీ చెప్పే సారు తయారు కాడు. పదిహేనేళ్లు పడుతుంది.

ఎక్కడైనా ఒక్క మంచం చుట్టూ పాతికమంది నిలబడితే మూడో వరసలో ఉన్నవాడికి కనపడేది ముందువాడి ఏప్రన్. మా రోజుల్లో ఇంతమందిమి కాకపోయినా తోపులాట ఉండేది. ఒకసారి ఒక పెద్దమనిషి పొట్ట మీద పదో చెయ్యి పడగానే “ఏం పిల్లలూ, ఒగ్గుడోలు నేర్సుకుంటాన్రా?” అన్నాడు. మేమంతా నవ్వాం. సారు నవ్వలేదు. ఆయనను క్షమించమని అడిగి, ఇద్దర్ని మాత్రం ఉంచి మిగతావాళ్లను బయటికి పంపారు. ఆ రోజు పాఠం అదే.

నన్ను ఎక్కువగా గుచ్చేది భాష సంగతి. రోగి బాధను రోగి మాటల్లోనే రాయాలని కేస్ షీట్‌కు మొదటి నియమం. పిల్లలు “అబ్‌స్టిపేషన్, మూడు రోజులు” అని రాస్తారు. ఆ మనిషి అన్నది “మూడొద్దులాయె సారూ, గాలి గూడ పోతలేదు.” రెండూ ఒకటే కదా అనవచ్చు. ఆ ‘గూడ’లోనే ఉంది అసలు రోగం. మలబద్ధకం వేరు, గాలి కూడా పోకుండా పేగు మూసుకుపోవడం వేరు. అబ్‌స్టిపేషన్ అంటే ఈ రెండోదే. ముందే ఇంగ్లీషులోకి మార్చేసుకున్న పిల్లవాడు మామూలు మలబద్ధకాన్నీ అదే మాటతో రాస్తాడు. బీడీలు తాగి కాలి రక్తనాళాలు మూసుకుపోయినవాడు మా దగ్గర ఎన్ని అడుగులు నడవగలడో మీటర్లలో చెప్పడు. “ఇంటికాణ్ణుంచి చెల్కకు పోయేసరికి రెండుసార్లు కూసోవాలె” అంటాడు. పోయిన ఏడు ఒకసారే కూర్చునేవాడట. “రాత్రి కాలు మంచం కిందికేస్తే జర నయం” అన్నాడంటే ఆ కాలుకు ప్రమాదం దగ్గర పడ్డట్టే. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే, కాకపోతే వేరే వేషంలో. “బుడ్డ దిగింది” అంటే అర్థం కాక సెల్‌ఫోన్‌లో వెతికిన పిల్లవాణ్ని చూశాను. పట్నంలో కార్పొరేట్ కాలేజీలో చదివి వచ్చాడు, తెలివైనవాడు. వరిబీజమని నర్సు చెబితే అదీ తెలియలేదు. చివరికి ఆమె హైడ్రోసీల్ అనాల్సి వచ్చింది. వీళ్ల డిగ్రీ ఇచ్చే ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కవి కాళోజీ పేరు పెట్టుకున్నాం. జనం నోటి మాటకు గౌరవం కావాలని జీవితమంతా కొట్లాడిన మనిషాయన. ఆయన పుట్టినరోజని సెప్టెంబర్ 9న దండలు వేస్తాం, 10న కేస్ షీట్‌లో మళ్లీ అబ్‌స్టిపేషనే.

అంతా చెడిపోయిందని ఏడవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మా కాలపు ముద్దుబిడ్డ లాంటి కేసు ఒకటుండేది. అల్సర్ ముదిరి కడుపు దారి మూసుకుపోయిన మనిషి పడుకుంటే, పొట్ట మీద ఎడమ నుంచి కుడికి బంతి దొర్లినట్టు అల కనపడేది. మంచి మందులు వచ్చాక అది అరుదైపోయింది, పోవడమే మేలు. అప్పుడు ఆపరేషన్ చూడాలంటే స్టూలెక్కి ముగ్గురి భుజాల మీది నుంచి తొంగిచూడాలి. ఇప్పుడు లాపరోస్కోపీ పుణ్యమా అని గది చివర ఉన్నవాడికి కూడా తెర మీద అంతా కనపడుతుంది. పరీక్షకు తెచ్చే కేసులు మాత్రం మారలేదు. ఏళ్ల తరబడి హెర్నియా మోస్తూ ప్రతి పరీక్షకూ వచ్చే తాత, పిల్లవాడికి చెమటలు పడుతుంటే జాలిపడి “నాది ఎడమ దిక్కు, ఇన్‌డైరెక్టు” అని చెవిలో చెబుతాడు. మాలో కొందరు సర్జరీ పాసయింది ఆ తాతల దయవల్లే. పేర్లు చెప్పను, కొందరు ఈ పత్రిక చదువుతారు.

పీజీ ఎంట్రన్స్ సంగతీ ఉంది. ఫైనలియర్ నుంచే బిట్లు. వార్డులో ఉంటే మార్కులు రావు, యాప్‌లో కూర్చుంటే వస్తాయి. పిల్లలను తిట్టి లాభం లేదు.

అందుకే అడుగుతున్నాను. మనలో రిటైరైన సర్జన్లు, కావాలంటే రెండు వారాల సెలవు పెట్టగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు. కాలేజీ అనుమతితో వెళ్లి మధ్యాహ్నం రెండు గంటలు, ఆరుగురు పిల్లలు, ఒకే ఒక్క మంచం. మందులు రాయం, కత్తి పట్టం. అందుకు కావాల్సిన రిజిస్ట్రేషన్ అక్కడ మనలో చాలామందికి ఉండకపోవచ్చు. రోగి అక్కడి డాక్టర్ల రోగి. పిల్లలు కేసు చెబితే విని ప్రశ్నలు అడగడమే మన పని. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఆ రెండు గంటలు మిగులుతాయి. నాలుగు కొత్త కాలేజీలకు ఏడాదిలో తలా ఇద్దరు వెళ్లినా ఒక సిమ్యులేటర్ ధర కూడా కాదు, అదీ టికెట్లు మన డబ్బుతోనే కొనుక్కుంటే.

డబ్బే ఇస్తామంటే మంచాల మధ్య తెరలు కొనివ్వండి. శంకుస్థాపన ఫోటో రాదు, నిజమే. పోయిన జనవరిలో నేను వెళ్లిన చోట ఒక అమ్మాయి కడుపు ఉబ్బిన అవ్వ కేసు చాలా బాగా చెప్పింది. మా సారు ప్రశ్నే అడిగాను. తల దించుకుని “అడగడానికి మొహమాటమేసింది సార్” అంది. నలభై ఏళ్ల కిందటి నా జవాబు. సిస్టర్‌ను పిలిచి, పక్క వార్డు నుంచి తెర లాక్కొచ్చి అడ్డం పెట్టించి, నేను బయట నిలబడ్డాను. లోపల ఆ పిల్ల “అవ్వా, జర గజ్జలు చూడాలె, చూడొచ్చా?” అనడం, అవ్వ “సూడు బిడ్డా, నొప్పి పోతే సాలు” అనడం వినపడింది. గజ్జల్లో ఏమీ లేదట. ఆ మాట ఆరుగురి కేస్ షీట్లలోనూ రాయించాను.

వచ్చేవాళ్లు సంక్రాంతి సెలవులు దాటాక ప్లాన్ చేసుకోండి. మేడారం జాతర ఉన్న ఏడు అయితే ఆ రోజులు వదిలేయండి, డాక్టర్లకు డ్యూటీలు అక్కడే పడతాయి. టార్చ్ లైట్ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, వరిబీజంలో ఉన్నది నీరేనని దాని గుండా వెలుగు పంపి చూపించడానికి సెల్‌ఫోన్ లైటు అంత బాగుండదు. మేమైతే పాత ఎక్స్‌రే ఫిల్మును గొట్టంలా చుట్టి దాంట్లోంచి చూసేవాళ్లం. ఇప్పుడు ఎక్స్‌రేలు చాలావరకు కంప్యూటర్‌లోనే, ఆ పాత ఫిల్ము అంత తేలిగ్గా దొరకదు. ఈ పత్రిక అట్ట కొంచెం మందంగా ఉంటుంది, చుట్టి చూశాను, పనికొస్తుంది.