చూస్తే చాలదు, చెప్పాలి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. చెక్క కోస్తున్న ఒక ఆఫ్రికన్ కుర్రాడి ఫొటో, కింద ఇలా: "ఆఫ్రికాలో మూగ, చెవిటి పిల్లలకు వడ్రంగం నేర్పుతున్నారు. దేవుడు చెవులు తీసుకుని చేతుల్లో కళ పెట్టాడు. వీళ్లకు మెషీన్ల రొద బాధ లేదు. భాషతో, చదువుతో పనిలేదు, చూసి నేర్చేసుకుంటారు. షేర్ చేయండి." పంపినవాళ్లంతా మంచివాళ్లే. అయినా చెప్పక తప్పదు.

వాళ్లు మూగవాళ్లు కారు. సైగల భాషలో వాదిస్తారు, పోట్లాడతారు, జోకులేస్తారు. చేతుల్లో కళ అంటారా, అది చిత్రిక పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాస్తే వచ్చింది.

రొద బాధ లేదనుకోవడం ప్రమాదం. బ్లేడు మొండిబారినా, చెక్క బిగుసుకుంటున్నా ముందు మారేది శబ్దమే. వినపడని కుర్రాడు ఆ మార్పును చేతికి తగిలే అదురులో పట్టుకోవాలి. అది పక్కన నిలబడి నేర్పాల్సిన విషయం. కేకకు బదులు లైటు వెలిగే ఏర్పాటు ఉండాలి. పైగా బధిరుల్లో చాలామందికి కాస్తో కూస్తో వినికిడి ఉంటుంది. రొద దాన్నీ తినేస్తుంది.

అన్నిటికన్నా ఒళ్లు మండించింది "భాషతో పనిలేదు" అన్న మాట. టేబుల్ రంపం (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకొచ్చి తిరిగేది) మీద కోస్తున్నప్పుడు, కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టేసిందంటే చెక్క ఒక్కసారిగా వెనక్కి, మనిషి మీదికి ఎగిరొస్తుంది. అందుకే బ్లేడుకు సూటిగా కాకుండా పక్కకు నిలబడమంటారు. పక్కకు నిలబడటం చూస్తే వస్తుంది. ఎందుకో చూస్తే తెలుస్తుందా? చెక్క పొట్టలో తగిలిన రోజు తెలుస్తుంది! ఆ "ఎందుకు" చెప్పేవాళ్లు లేకపోతే, కుర్రాణ్ణి మెషీను దగ్గరికి రానివ్వరు, ఏళ్లకేళ్లు ఉప్పు కాగితం రుద్దుతూ మిగిలిపోతాడు.

ఆఫ్రికాలో ఇది ఎప్పుడో తెలుసు. స్వయంగా బధిరుడైన అమెరికన్ ఆండ్రూ ఫోస్టర్ 1957లో ఘనాలో బడి తెరిచి, సైగలతో పాఠాలు చెప్పించారు. తర్వాత ఆఫ్రికా దేశాల్లో 30కి పైగా బడులు పెట్టారు. కెన్యా 2010 రాజ్యాంగంలో కెన్యా సైగల భాష పేరే ఉంది. నైరోబీలోని కారెన్‌లో బధిరుల కోసం ఒక టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది.

ఇక చదువు. నైరోబీలో ఎన్‌గాంగ్ రోడ్డు పక్కన సోఫాలు, మంచాలు ఆరుబయటే చేసి అమ్ముతారు. ఇలాంటి పనిని స్వాహిలీలో 'జువా కాలి' అంటారు, అంటే మండే ఎండ. మంచం ఇంకో అర అడుగు వెడల్పు కావాలని సైగలు రాని మనిషి వచ్చి అడిగితే? కొలత, ధర, ఇచ్చే తేదీ కాగితం మీద రాసి చూపించాలి. చదువు లేకుండా ఎలా రాస్తాడు?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మెషీన్లన్నీ తిరుగుతుంటే వినపడేవాళ్లకే ఒకరి మాట ఒకరికి అందదు. సైగలు వచ్చినవాళ్లు ఈ మూల నుంచి ఆ మూలకు హాయిగా మాట్లాడుకోగలరు. ఆ లెక్కన రొద వాళ్లకు అడ్డం కాదన్నది నిజమే. కానీ అది భాష చేతికొచ్చినవాళ్ల సంగతి. ఫొటో పంపండి, "భాషతో, చదువుతో పనిలేదు" అన్న లైను తీసేసి పంపండి.